గర్భస్థ అభ్యర్థి, కేరాఫ్ మారెక్క

"పుల్లన్నా, గురువారం పదకొండు గంటలకి పర్సన్‌హుడ్ మీటింగు. అందరికీ చెప్పు."

గుండ్లవంక ఏరియా ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ విరూపాక్షి గారు ఈ మాట అన్నప్పుడు ఆయన నెత్తిమీద ఫ్యాను గరగరలాడుతోంది. ఆ గరగరలో అటెండరు పుల్లన్న చెవిన పడింది మాత్రం "పర్ పర్సన్ ఫుడ్ మీటింగు" అని. మనిషికింత తిండి అంటూ ఇన్నాళ్లకు సర్కారు ఒక పనికొచ్చే మీటింగు పెట్టిందని పుల్లన్న సంబరపడ్డాడు. బస్టాండు హోటల్లో నలభై పొట్లాల చిత్రాన్నం, ఎనభై వడలు చెప్పేశాడు. అందరికీ చెప్పమన్నారు కాబట్టి అందరికీ చెప్పాడు కూడా.

గురువారం మీటింగు హాలు కిటకిటలాడింది. ల్యాబు వాళ్లు, అంబులెన్సు డ్రైవర్లు, ఎక్స్‌రే ఆయన, మార్చురీ కాపలా ఆయన, అందరూ వచ్చి కూర్చున్నారు. "మన సిబ్బందిలో నైతిక చైతన్యం ఈ స్థాయిలో వెల్లివిరియడం నాకు ఆనందదాయకం" అని విరూపాక్షి గారు కళ్లు తుడుచుకున్నారు. పొట్లాలు అయిపోయిన అయిదో నిమిషానికి చైతన్యం చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. పర్సన్లు పోయారు, హుడ్డు మిగిలింది. ఫుడ్డుకీ హుడ్డుకీ తేడా పుల్లన్నకు విడమరిచి చెప్పే పని సీనియర్ అసిస్టెంటు ఓబులేసు మీద పడింది.

"అంటే ఏందప్పా అది?" అన్నాడు పుల్లన్న.

"ఎవురు మనిషి, ఎవురు కాదు అని తేల్చేది."

"దానికి మీటింగెందుకన్నా? చూస్తే తెల్దా?"

చూస్తే తెలిసేదానికి మీటింగు పెట్టకూడదంటే ఆఫీసులు ఉండవని ఓబులేసుకు తెలుసు. ఇరవై ఏడేళ్ల సర్వీసు ఆయనది. ఆ ఆసుపత్రిలో ప్రాణం పోసే వాళ్లు డాక్టర్లయితే ఫారం పోసే వాడు ఓబులేసు. కుక్క కాటుకు మూడు రకాల ఫారాలు తయారు చేసిన ఘనుడు: కరిచిన కుక్కకి ఒకటి, కరిపించుకున్న మనిషికి ఒకటి, ఇద్దరూ ఒకే వీధి వాళ్లయితే ఉమ్మడిది ఒకటి.

ఇంతకీ ఈ గొడవకు మూలం విరూపాక్షి గారు అంతకు ముందు వారం వెళ్లొచ్చిన మూడు రోజుల వర్క్‌షాపు. వైద్యంలో నీతి గురించి చల్లటి హాల్లో మెత్తటి కుర్చీల్లో పెద్ద పెద్ద వాళ్లు మాట్లాడారు. మనిషి ఎప్పుడు మొదలవుతాడు, కడుపులో ఉన్నదానికి హక్కులున్నాయా, తల్లి మాటకు బరువెంత, వీటి మీద రెండు వైపుల వాదనలూ విని ఆయన మైమరచిపోయారు. సూపరింటెండెంటు ఉద్యోగంలో 'సూపర్' ఎంత ఉందో ఆయనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు పాపం. మెడలో బ్యాడ్జీతో, చేతిలో ఒక సర్క్యులరుతో తిరిగొచ్చారు. ఓబులేసు ఆ సర్క్యులరుకు నాలుగు జిరాక్సులు తీయించి, ఒరిజినలు బీరువాలో పెట్టి, జిరాక్సు ఫైల్లో పెట్టాడు. అదే రోజు 'వ్యక్తి హోదా నిర్ధారణ సంఘం' పుట్టింది. గర్భం రాకుండానే పుట్టింది.

మొదట దానికి 'వ్యక్తిత్వ సంఘం' అని పేరు పెట్టి నోటీసు బోర్డుకు అంటించారు. మర్నాడు పదహారు మంది డిగ్రీ కుర్రాళ్లు నోటు పుస్తకాలు పట్టుకుని వచ్చి, వ్యక్తిత్వ వికాస తరగతులు ఏ గదిలో అని అడిగారు. అందుకని పేరు మార్చారు.

సంఘం పుట్టాక దానికి మేత కావాలి కదా. ఆ మేత సోమవారం పొద్దున మారెక్క రూపంలో వచ్చింది.

మారెక్కకు ముప్పై మూడేళ్లు. పాత మార్కెట్ వీధిలో దర్జీ అంగడి. ఇద్దరు పిల్లలు. భర్త తిప్పేస్వామి బోరుబండి మీద డ్రైవరు, నెలకు ఇరవై దినాలు ఊళ్లు తిరుగుతుంటాడు. రెండో కాన్పు తర్వాత ఇదే ఆసుపత్రిలో పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించుకుంది. అయినా మళ్లీ నెల తప్పింది. స్త్రీల డాక్టరు నఫీసా పరీక్ష చేసి, ఏడు వారాలు దాటాయంది.

"నాకి ఇంగ వద్దు మేడమ్. బాగా ఆలోచన చేసినా" అంది మారెక్క.

"సరేమ్మా. వచ్చే వారం శుక్రవారం లోపల అయితే మాత్రలతో అయిపోతుంది. అది దాటితే మాత్రలతో కాదు, థియేటర్లోకి తీసుకుపోవాల. బిన్నా, ఈ వారంలోనే చేసేస్తాం లే" అని చెప్పి నఫీసా మాత్రల కోసం చీటీ పంపింది.

చీటీ మీద సూపరింటెండెంటు సంతకం కావాలి. ఆయన సంతకం పెట్టలేదు. ఎర్ర సిరాతో రాశారు: 'సదరు గర్భస్థము వ్యక్తియా, కాదా అన్నది నిర్ధారణ కానంత వరకు ఏ చర్యయు చేపట్టరాదు. సంఘము ముందుంచవలెను.'

నఫీసా గబగబా ఆయన గదికి వెళ్లింది. "సార్, చట్టం అడిగేది రెండే. ఆమె ఒప్పుకోవాల, డాక్టరు సరే అనాల. ఆపరేషను ఫెయిలైన కేసు. ఇందులో కమిటీ ఎక్కడ్నుంచి వచ్చింది?"

"డాక్టర్ నఫీసా, మీ అభిప్రాయం రికార్డు చేయబడింది" అన్నారు విరూపాక్షి గారు.

ఆ ఆసుపత్రిలో రికార్డు చేయబడింది అంటే పూడ్చబడింది అని అర్థం. మరో ఆసుపత్రికి పోదామంటే అరవై కిలోమీటర్లు, రెండు బస్సులు, ముక్కూ మొహం తెలియని డాక్టర్లు. "రొంత ఓపిక పట్టు. నేనుండాను" అని నఫీసా మారెక్కకు ధైర్యం చెప్పి, జిల్లా ఆఫీసుకు ఒక ఉత్తరం రాసింది. ఆ ఉత్తరానికి జవాబు ఎప్పుడొస్తుందో ఆమెకూ తెలుసు, ఉత్తరానికీ తెలుసు.

ఇక ఫారం. ఓబులేసు సోమవారం సాయంత్రమే కూర్చుని 'నమూనా-1' తయారు చేశాడు. ఎవరి హోదా తేలాలో వాళ్లే కదా అభ్యర్థి? కాబట్టి,

అభ్యర్థి పేరు: ఇంకా పెట్టలేదు.
వయసు: ఏడు వారాలు, సుమారు.
వృత్తి: లేదు.
చిరునామా: కేరాఫ్ మారెక్క, దర్జీ అంగడి, పాత మార్కెట్ వీధి.
అభ్యర్థి సంతకం లేక వేలిముద్ర: ...

మారెక్క సంతకానికి ఫారంలో చోటు లేదు. చిరునామాలు సంతకాలు పెట్టవు. ఫారం చూసి విరూపాక్షి గారు "ఓబులేసూ, ఇది ఫారం కాదయ్యా, శిల్పం" అన్నారు. ఓబులేసు ఆ రోజు ఇంట్లో ఒక ముద్ద ఎక్కువ తిన్నాడు.

చిత్రాన్నం వాళ్లు వెళ్లిపోయాక గురువారం మొదటి సమావేశానికి మిగిలింది అసలు సభ్యులు. అధ్యక్షులు విరూపాక్షి గారు. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు తర్కశాస్త్రం చెప్పి రిటైరైన సుబ్బనరసయ్య గారు. చక్కెర జబ్బు వల్ల ఆయనకు తీపి వర్జ్యం, తర్కం భోజ్యం. రిటైర్డ్ తాసిల్దారు బయపురెడ్డి గారు, పరిపాలనానుభవం కోటాలో. నఫీసా, ఓపీ వదిలేసి రావలసి వచ్చినందుకు చేతి గడియారం వైపు చూస్తూ. మినిట్స్ రాయడానికి ఓబులేసు. మినిట్స్ అంటారు గానీ గంటలు పట్టింది.

"వ్యక్తి అనగా ఆలోచనాశక్తి కలిగిన జీవి" అని సుబ్బనరసయ్య గారు ప్రారంభించారు. "ఆలోచించలేనిది జీవి కావచ్చును గానీ వ్యక్తి కాజాలదు."

"మరి నిద్రపోతా ఉండేటోడు?" అన్నారు బయపురెడ్డి గారు.

"మేలుకున్న పిమ్మట ఆలోచించగలడు కదా. శక్తి ఉంది, వినియోగం లేదు."

"అట్లయితే కడుపులో ఉండేది గూడా రేపు ఆలోచిస్తాది గదప్పా. దానికీ శక్తి ఉన్నట్టే."

"అది శక్తి కాదు, సంభావ్యత. మీ మనవడు ఏం చదువుతున్నాడు?"

"ఎనిమిదో తరగతి. కలెక్టరయితా అంటాడు."

"కాగల కలెక్టరే గదా అని వాడిని ఇవాళే కలెక్టరు కుర్చీలో కూర్చోబెడతారా?"

"కూచోబెట్టను. అట్లని కాళ్లు పట్టి బయటికి ఈడ్చను గూడా" అన్నారు బయపురెడ్డి గారు.

రెండూ గట్టి మాటలే అని ఓబులేసుకు అనిపించింది. రెండూ రాసుకున్నాడు. ఈ రెండు మాటల మధ్య ఇరుక్కుని ఎవరో ఒకరు అంగట్లో కుట్టుమిషను తొక్కుతూ కూర్చున్నారన్న సంగతి మాత్రం ఏ కాలమ్‌లో రాయాలో తోచక వదిలేశాడు.

విరూపాక్షి గారికి మరో భయం పట్టుకుంది. "మత్తుమందిచ్చిన పేషెంటు సంగతేమిటి? అతడు వ్యక్తి కాకపోతే, నేను ఇరవయ్యేళ్లుగా ఎవరికి ఆపరేషన్లు చేస్తున్నట్టు?"

"అట్ల కాదు సార్" అని బయపురెడ్డి గారు లేచారు. "ఇంత వాదులాట ఎందుకు? నా సర్వీసులో నేర్చుకున్నది ఒకటే. కాగితం ఉంటే మనిషి, లేకుంటే లేదు. నన్నే సూడండి. పింఛను కోసం నవంబర్లో బతికి ఉండానని సర్టిఫికెట్ ఇయ్యల్ల, మోకాలు నొప్పితో పోలేకపోతి. అప్పట్నుంచి ట్రెజరీలో నేను లేను. పొయ్యి నిలబడి 'ఇదో నేనే' అంటి. 'మీరు ఉండేది మాకి కనపడతాంది గానీ రికార్డుకి కనపడలేదు' అన్నారు. కరెక్టే గదా! నేనైనా అదే అంటాను."

"అంటే ఈ సంఘంలో ఒక సభ్యుడు వ్యక్తి కాడు" అని సుబ్బనరసయ్య గారు ఉత్సాహపడ్డారు. "కోరం ప్రశ్న తలెత్తుతుంది."

"కోరం సంగతి తర్వాత. అక్కడ ఆమెకు దినాలు అయిపోతా ఉండాయి" అంది నఫీసా.

"మీ అభిప్రాయం..." అన్నారు విరూపాక్షి గారు.

"రికార్డయింది. తెలుసు సార్."

చివరికి ఒక్క విషయంలో అందరూ ఏకమయ్యారు. ఏ అభ్యర్థి హోదానైనా అతడి వాదన వినకుండా తేల్చడం సహజ న్యాయానికి విరుద్ధం. కాబట్టి గర్భస్థ అభ్యర్థికి నోటీసు ఇవ్వాలి. సోమవారం స్వయంగా గానీ ప్రతినిధి ద్వారా గానీ హాజరై తాను వ్యక్తి అవునో కాదో నిరూపించుకోవాలి.

శనివారం మధ్యాహ్నం ఓబులేసు ఆ నోటీసు పట్టుకుని పాత మార్కెట్ వీధికి వెళ్లాడు. మారెక్క అంగట్లో స్కూలు యూనిఫారాలు గుట్టలుగా ఉన్నాయి. యాభై మూడేళ్ల ఓబులేసు ముప్పై మూడేళ్ల మనిషిని అక్కా అని పిలవక తప్పదు. పేరే అంత.

"మారెక్కా, నోటీసు వచ్చిందమ్మా."

"నాకా అన్నా?"

"నీకి కాదు." ఓబులేసు ఎటు చూపాలో తెలియక గడ్డంతో కాస్త కిందికి చూపించాడు.

మారెక్క మిషను ఆపింది. నోటీసు తీసుకుని పైకే చదివింది. 'గర్భస్థ అభ్యర్థి గారికి.' ఇంకోసారి చదివింది. "దీన్ని లోపలికి ఎట్ల ఇస్తావన్నా?"

"చేతికి ఇయ్యల్ల. ముట్టినట్టు సంతకం తీసుకోవల్ల."

"చేతులు వచ్చిండవు ఇంకా. మేడమ్ చెప్పింది."

ఓబులేసు ఇరవై ఏడేళ్ల అనుభవంలో నోటీసు తీసుకోని వాళ్లు కొత్త కాదు. దానికీ ఒక పద్ధతి ఉంది. "అభ్యర్థి తీసుకోకపోతే, నివాసపు బయటి వాకిలికి అంటించి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించుకోవల్ల" అని సంచిలోంచి జిగురు సీసా తీసి మూత తిప్పాడు. మూత తిరిగాక గానీ ఆయన బుర్ర తిరగలేదు. నివాసం ఎవరు?

మారెక్క ఆయన వైపు చూసింది. జిగురు వైపు చూసింది. బల్ల మీద కత్తెర అందుకుంది.

"అంటించన్నా, చూస్తా."

పక్కంగడి గాజుల ఆమె నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుతోంది. ఓబులేసు చెవులు ఎర్రబడ్డాయి. జిగురు వేళ్ల మీదికి కారింది. చివరికి నోటీసును కుట్టుమిషను పక్కకు అంటించి 'నివాసపు సమీపమున' అని రాసుకున్నాడు. సర్వీసులో మొదటిసారి ఒక కాలమ్ అబద్ధంగా నింపాడు.

వెళ్లబోతుంటే మారెక్క పిలిచింది. గొంతులో నవ్వు లేదు.

"ఓబులేసన్నా, మీటింగులో నా గురించి ఏమనుకుంటా ఉండారు?"

ఓబులేసు ఆలోచించాడు. పదకొండు పేజీల మినిట్స్ మనసులో తిరగేశాడు. ఆలోచన, శక్తి, సంభావ్యత, మనవడు, మత్తుమందు, ట్రెజరీ. ఎక్కడా ఆమె పేరు తగల్లేదు, ఒక్క చిరునామా కాలమ్‌లో తప్ప.

"ఇంకా నీ దాకా రాలేదమ్మా" అన్నాడు.

"శుక్రవారం దాటితే ఏమయితాదో తెలుసు గదా నీకి?"

"తెలుసు."

"వాళ్లకి?"

జిగురు వేళ్లు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఓబులేసు వాటిని విడదీసుకుంటూ వెళ్లిపోయాడు.

సోమవారం రెండో సమావేశం. పుల్లన్న వాకిట్లో నిలబడి మూడు సార్లు కేకేశాడు: "గర్భస్థ అభ్యర్థీ, హాజర్ హో!" కాన్పుల వార్డులోంచి ఎవరి బిడ్డో కేర్‌మంది. అది జవాబా కాదా అన్న దాని మీద ఇరవై నిమిషాలు చర్చ జరిగి, అది మరో అభ్యర్థి అని తేలింది.

"హాజరు కాలేదు కనుక ఏకపక్షంగా నిర్ణయిద్దాం" అన్నారు విరూపాక్షి గారు.

"నోటీసుకు జవాబివ్వనివాడు వ్యక్తి కాడు అంటారా?" అని సుబ్బనరసయ్య గారు కళ్లజోడు సర్దుకున్నారు. "మంచి ప్రమాణమే. అయితే అందరికీ వర్తింపజేయాలి. మందుల గది కప్పు కారుతున్న విషయమై మీకు వచ్చిన నోటీసుకు మీరు ఎన్నాళ్లుగా జవాబివ్వలేదు?"

విరూపాక్షి గారు ఓబులేసు వైపు చూశారు. ఓబులేసు ఫ్యాను వైపు చూశాడు. "మూడేళ్లు సార్" అన్నాడు.

"ఐతే అధ్యక్షులు కూడా..." అని సుబ్బనరసయ్య గారు విచారంగా తల ఊపారు. ట్రెజరీ దెబ్బకు ఒకరు, మందుల గది కప్పు దెబ్బకు ఒకరు. సంఘంలో వ్యక్తులు నెమ్మదిగా తగ్గిపోతున్నారు. ఆ ప్రమాణం వద్దని ఏకగ్రీవంగా తీర్మానించారు. తీరూ లేదు, మానమూ లేదు, తీర్మానం మాత్రం ఉంది.

అప్పుడు నఫీసా తన బ్యాగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. మారెక్క ఆపరేషను సర్టిఫికెట్. 'ఈమెకు ఇకపై గర్భము రాదు' అని ఉంది. కింద సంతకం డాక్టర్ విరూపాక్షి. "సార్, మీ ఆపరేషనే ఫెయిలయింది. ఆమె తప్పేమీ లేదు. కనీసం ఇది చూసైనా వదిలేయండి."

విరూపాక్షి గారు కాగితాన్ని తిప్పి తిప్పి చూశారు. ఆయన ముఖంలో మెల్లగా వెలుగు వచ్చింది. అది నఫీసా ఆశించిన వెలుగు కాదు. "ఫెయిల్యూరు అని ఎందుకనుకోవాలి? రికార్డు ప్రకారం ఈమెకు గర్భం రాదు. రాకూడదు. కావున అక్కడ ఉన్నది, మన అనుమతి లేకుండా ఉన్నది."

బయపురెడ్డి గారు కుర్చీలోంచి లేచిపోయారు. ముప్పై నాలుగేళ్ల రెవెన్యూ రక్తం ఒక్కసారి పొంగింది. "ఆక్రమణ! అట్ల చెప్పండి సార్, ఇన్ని దినాలు ఈ శక్తులూ సంభావ్యతలూ నాకి తలకెక్కల్యా. స్థలం ఉండాది. అందులో ఒకరు పర్మిషన్ లేకుండా చేరినారు. ఇది నా సబ్జెక్టు."

"ఆక్రమణదారుడు వ్యక్తి అయినా కాకపోయినా?" అన్నారు సుబ్బనరసయ్య గారు, మొదటిసారి నిజంగా ఆసక్తితో.

"ఎవురైనా సరే. గుడిసె ఏసుకున్నోడు మహానుభావుడైనా ఆక్రమణ ఆక్రమణే. మంచోడా చెడ్డోడా, చదువుకున్నోడా లేదా అనేది మేం అడగం."

"అమాయకుడు. తెలియక చేరాడు. బయటికి పంపితే బతకడు. అప్పుడో?"

బయపురెడ్డి గారు తగ్గారు. మెల్లగా కూర్చున్నారు. "అట్లాంటి కేసులు నాకి తగిలినాయి సార్. శానా కష్టం. అప్పుడు ఒకటే దారి. స్థలం ఎవురిదో వాళ్లని పిలిచి అడగల్ల. ఉండనిస్తే పుణ్యం. ఉండనీయకపోతే వాళ్లని తిట్టే హక్కు మాకి లేదు. వాళ్ల స్థలం."

ఓబులేసు కలం ఆగింది. పదకొండు, తొమ్మిది, మొత్తం ఇరవై పేజీల్లో 'అడగల్ల' అన్న మాట రావడం ఇదే మొదలు. ఆ మాట ఎవరైనా వెనక్కి తీసుకుంటారేమోనని గబగబా రాసి కింద గీత గీశాడు.

"సబబే" అన్నారు విరూపాక్షి గారు. "గురువారం స్థల యజమానిని పిలిపించండి. ఓబులేసూ, యజమాని ఎవరు?"

ఓబులేసు నోరు తెరిచేలోగా బయపురెడ్డి గారే చెప్పేశారు. "ఇంటాయన ఉంటాడు గదా. పట్టా ఆయన పేరునే ఉంటాది."

నఫీసా తల పట్టుకుంది.

గురువారం. శుక్రవారానికి ఒక్క రోజు. తిప్పేస్వామిని బోరుబండి మీదనుంచే పిలిపించారు. బట్టలకు ఎర్రమట్టి, చెవుల్లో ఇంకా మిషను రొద. అందుకే గట్టిగా మాట్లాడతాడు. మారెక్క కూడా వెంట వచ్చింది గానీ, పిలుపు ఆమెకు కాదు కనుక పుల్లన్న బయట బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"తిప్పేస్వామీ, మీ ఆధీనములోని స్థలమునందు..." అని విరూపాక్షి గారు మొదలుపెట్టారు.

"నాకి స్థలం యాడిది సార్? బాడుగ ఇల్లు!"

"అది కాదప్పా" అని బయపురెడ్డి గారు అందుకున్నారు. "నీ పెండ్లాం కడుపులో ఉండేదాన్ని ఉంచల్లా వద్దా? యజమానివి నువ్వు చెప్పు."

తిప్పేస్వామి వాళ్లను వరసగా చూశాడు. తనను ఆట పట్టిస్తున్నారా అని అనుమానం వచ్చినట్టుంది. "ఆమె ఒళ్లు సార్ అది. నన్నడుగుతారేంది? మేమిద్దరం మాట్లాడుకుంటిమి. నువ్వు ఎట్లంటే అట్లే అని చెప్తి. ఆమె బయటే ఉండాది, కేకేస్తే వస్తాది. మీరు ఇంకా అడగల్యా?"

ఫ్యాను ఒక్కటే మాట్లాడింది.

"ఇన్ని దినాల్నుంచి అడగల్యా?" అన్నాడు తిప్పేస్వామి మళ్లీ, ఇంకా గట్టిగా.

ఓబులేసు అధ్యక్షుల అనుమతి లేకుండా లేచాడు. అదీ సర్వీసులో మొదటిసారే. తలుపు తీసి, "మారెక్కా, రామ్మా" అన్నాడు. తన కుర్చీ జరిపి ఆమెకు వేశాడు.

మారెక్క కూర్చుంది. ఏం చెప్పాలో తెలియనట్టు లేదు, ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకుంటున్నట్టుంది.

"అమ్మా" అన్నారు సుబ్బనరసయ్య గారు, క్లాసులో మంచి పిల్లను అడిగినట్టు మెత్తగా. "నీ దృష్టిలో అది వ్యక్తియేనా?"

"నాకి తెల్దు సార్. ఏమీ కాదు అని నేనెప్పుడూ అనల్యా. ఇద్దర్ని కన్నదాన్ని, అది ఏమయితాదో మీకంటే నాకే తెలుసు. మీరు మూడు పొద్దులు మాట్లాడినదంతా నేనూ ఆలోచన చేసినా, మిషను తొక్కుకుంటా. ఉంచుకుంటే ఏంది, లేకుంటే ఏంది, పాపమా, రేపు ఏడుస్తానా అని. ఏడుస్తానేమో గూడా. అయినా నాకి వద్దు సార్. ఇద్దరే నాకి చాలని నాలుగేండ్ల కిందట్నే ఈ ఆసుపత్రికొచ్చి చెప్తి. ఇప్పుడూ అదే చెప్తా ఉండా. మోసేది నేను, కనేది నేను, సాకేది నేను. మీరు నలుగురూ ఏం తేల్చినా ఈ నోట్లోనుంచి వచ్చే మాట మారదు గదా."

సుబ్బనరసయ్య గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆలోచన, జ్ఞాపకం, భవిష్యత్తు మీద చూపు, తన మీద తనకు సందేహం" అని తనలో తాను లెక్కపెట్టుకున్నట్టు అన్నారు. "అన్ని లక్షణాలూ ఉన్నాయి. నాకు తెలిసి ఈ గదిలో ఇప్పటిదాకా ఎవరిలోనూ ఇన్ని కలిసి చూడలేదు."

విరూపాక్షి గారు ఇబ్బందిగా కదిలారు. చెడ్డ మనిషి కాడు ఆయన. ఒక మంచి కుర్చీలో మూడు రోజులు ఎక్కువసేపు కూర్చున్న మనిషి, అంతే. "ఈమె చెప్పింది సమంజసంగానే ఉంది. కానీ సర్క్యులరులో నిర్ధారణకు ఏ పద్ధతి సూచించారో, తీర్మానం ఎలా రాయాలో... ఓబులేసూ, ఒరిజినలు తీసుకురా."

ఓబులేసు బీరువా తీసి ఒరిజినలు తెచ్చాడు. చదవబోతూ, ఎందుకో తిప్పాడు.

వెనక వైపు కూడా అచ్చు ఉంది.

ఓబులేసు మొహం పాలిపోయింది. జిరాక్సు ఒకవైపే తీయించాడు. నాలుగు కాపీలు, నాలుగూ ఒకవైపే. సంఘమంతా నడిచింది ఆ ముందు పేజీ మీద. కాగితాన్ని మళ్లీ బీరువాలో పెట్టేసి, కనపడలేదు సార్ అనడం ఎంతసేపు? ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఆ విద్య ఆయనకు బాగానే వచ్చు. మారెక్క ఆయన కుర్చీలో కూర్చుని ఆయన వైపే చూస్తోంది.

"సార్, తప్పు నాది. వెనక పేజీ జిరాక్సు తీయించల్యా. అందరూ వినండి" అని ఓబులేసు పైకి చదివాడు:

"'పై అంశములు సిబ్బంది ఆలోచనా వికాసము నిమిత్తము ఖాళీ సమయములో చర్చించుకొనుటకు మాత్రమే. వీటి ఆధారముగా ఏ రోగి చికిత్సనూ నిలుపరాదు, ఏ సంఘమునూ నియమింపరాదు. చికిత్స నిర్ణయము ఎప్పటివలెనే చట్టప్రకారము రోగికి, డాక్టరుకు మధ్యనే ఉండును.'"

బయపురెడ్డి గారు చాలాసేపటికి తేరుకున్నారు. "అంటే మనం ఇన్ని దినాలు చేసింది ఏందప్పా?"

"వికాసం" అన్నారు సుబ్బనరసయ్య గారు.

తిప్పేస్వామికి సంగతి పూర్తిగా అర్థం కాక, గుమ్మంలో ఉన్న పుల్లన్నను అడిగాడు. పుల్లన్న గొంతు తగ్గించకుండానే అందరికీ వినబడేలా వివరించాడు: "ముందు పక్క 'మాట్లాడుకోండి' అని ఉండాది. వెనక పక్క 'మాట్లాడుకునేది మాత్రమే' అని ఉండాది. మావోళ్లు ముందు పక్కే చదివినారు. అంతేనన్నా."

విరూపాక్షి గారు జేబులోంచి కలం తీశారు. పది రోజుల కిందటి మాత్రల చీటీ ఫైల్లోనే ఉంది. ఎర్ర సిరా రాతను కొట్టేసి, కింద సంతకం పెట్టారు. మారెక్క వైపు చూడలేక కాగితం వైపే చూస్తూ, "ఆపరేషను కూడా నాదే ఫెయిలయిందమ్మా" అన్నారు. ఆ మాట రికార్డు చేయమని గానీ వద్దని గానీ ఆయన చెప్పలేదు. ఓబులేసు రాసుకున్నాడు.

నఫీసా చీటీ అందుకుని, "రామ్మా, వార్డుకు పోదాం" అంది.

మారెక్క లేచింది. కొంగు సర్దుకుని, వాకిలి దాకా వెళ్లి ఆగింది. కోపంగా లేదు. కుట్టిన గుడ్డ సరిగ్గా అమరిందో లేదో చూసేటట్టు ఒక్కొక్కరినీ నిదానంగా చూసింది.

"మీరు చెడ్డోళ్లని నేనననులే సార్. ఇంతమంది పెద్దోళ్లు పని మానుకొని నా గురించి ఇంతసేపు మాట్లాడింది నా జన్మలో లేదు" అంది. "ఒక్కసారి నాతో గూడా మాట్లాడింటే బాగుండు."